మాస్టారి మిర్చి కొట్టు

మన బ్యాచ్ సమావేశం సంచికకు వ్యాసం పంపమని కమిటీ తరఫున రేపల్లె (మనం ఒకరినొకరం ఊళ్ళ పేర్లతోనే పిలుచుకుంటాం కదా) ఫోన్ చేసి, ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ రాయాలనీ అందరూ అందులో కనపడాలనీ షరతు పెట్టాడు. నాలుగేళ్ళూ రాయడం నా వల్ల అయ్యే పని కాదు. మొదటి రెండేళ్ళలో డ్రాయింగ్ హాలు, కరెంటు కోతలు తప్ప నా జ్ఞాపకంలో పెద్దగా ఏమీ నిలవలేదు. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమం సాగిన నెలల్లో మన కళాశాల తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. అందుచేత నెట్‌వర్క్స్ మాస్టారి గురించీ, ఆయన మూడో అంతస్తు ల్యాబ్‌లో మన సాధన కోసం తెరిచిన మిర్చి కొట్టు అనే ఉత్తుత్తి వెబ్‌సైటు గురించీ మాత్రమే రాస్తున్నాను. బాపట్ల, మాచర్ల, తెనాలి ఇందులో తప్పకుండా ఉంటారు. మిగిలినవాళ్ళు మన్నించాలి.

ఆ రోజుల్లో గుంటూరు బ్రాడీపేట గోడల మీద ఎథికల్ హ్యాకింగ్ (అనుమతితో లోపాలు వెతికే విద్య) వర్క్‌షాపుల పోస్టర్లు విరివిగా కనపడేవి. మనలో చాలామంది ఆ విద్యలోకి అడుగుపెట్టాలనుకున్నది ఎవరిదో ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ తెలుసుకోవడం కోసమే. మాచర్ల ఆ మాటను నిండు క్లాసులో నిలబడి అడిగేశాడు. మాస్టారు కోప్పడలేదు. తలా ఒక తెల్ల కాగితం పంచి అనుమతి పత్రం రాయించారు. ఏ యంత్రాన్ని పరీక్షించబోతున్నాము, దాని చిరునామా ఏమిటి, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏవి చేయకూడదు, మధ్యలో ఏదైనా ఆగిపోతే ఎవరికి చెప్పాలి అన్నవన్నీ అందులో ఉండాలి. కింద యజమాని సంతకం ఉండాలి. ఆ సంతకం లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లోకి ప్రవేశించడమే 2000 నాటి ఐటీ చట్టంలోని 43వ సెక్షన్ కిందికి వస్తుందనీ, మోసపు బుద్ధితో ఆ పని చేస్తే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చుననీ బోర్డు మీద రాసి మరీ చెప్పారు. సిలబస్‌లో డీఈఎస్, ఆర్ఎస్ఏ లాంటి గూఢలిపి సూత్రాలు ఎన్ని పేజీలున్నా, ఈ ఒక్క కాగితం గురించి ఏ పాఠ్యపుస్తకమూ మనకు చెప్పలేదు.

ఇక మిర్చి కొట్టు. మాస్టారు తన పాత ల్యాప్‌టాప్‌లో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఉపయోగించి ఆ వెబ్‌సైటును స్వయంగా రాశారు. రైతు లాగిన్ అయి తన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని దిగాయో, కాటాకు ఎంత తూగాయో, కమీషను పోను చేతికి ఎంత రావాలో చూసుకోవచ్చు. గుమాస్తా బిల్లులు రాయవచ్చు. యజమాని అన్నీ చూడవచ్చు. శనివారం మధ్యాహ్నం ల్యాబ్ నెట్‌వర్క్ స్విచ్చికి ఆ ల్యాప్‌టాప్‌ను తగిలించాక, ఆ స్విచ్చి నుంచి బయటి ఇంటర్నెట్‌కు పోయే తీగను తన చేత్తోనే ఊడదీసి బల్ల మీద పెట్టి, ఆ తరువాతే మనల్ని కూర్చోమనేవారు. ఆ కొట్టులోని తప్పులన్నీ ఆయన కావాలని పెట్టినవే. కానీ బయటి ప్రపంచంలో ప్రతి రోజూ ఎవరో ఒకరు తెలియక చేస్తున్న తప్పులు కూడా అవే.

లాగిన్ పేజీలో పేరు పక్కన ఒక్క కొటేషన్ గుర్తు పెట్టగానే సైటు తడబడిన మధ్యాహ్నం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మనం టైపు చేసినది డేటాబేస్‌కు సమాచారంగా చేరాలి. ఆ గుర్తు వల్ల అది ఆజ్ఞలో భాగమైపోయింది. పాస్‌వర్డ్ ఏదైనా షరతు ఎప్పుడూ నిజమయ్యేట్టు మిగతా ముక్కను పేర్చి, బాపట్ల నేరుగా యజమాని ఖాతాలో తేలింది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (ముందే సిద్ధం చేసిన ఆజ్ఞ) వాడితే ఆజ్ఞ ముందే స్థిరపడి, మనం ఇచ్చేది కేవలం విలువగానే మిగులుతుందని మాస్టారు ఆ తరువాత చూపించారు. మన రికార్డు పుస్తకాల్లో నెలల తరబడి రాసిన, డేటాబేస్‌తో మాట్లాడే పాత పీహెచ్‌పీ ఫంక్షన్లకు ఆ సదుపాయమే లేదు. 2015 చివర్లో పీహెచ్‌పీ 7 వచ్చినప్పుడు వాటిని ఆ భాషలోంచి పూర్తిగా తీసేశారు. ఫిర్యాదుల పెట్టెలో రైతు రాసిన జావాస్క్రిప్టు (బ్రౌజర్ నడిపే కోడ్) గుమాస్తా బ్రౌజర్‌లో, గుమాస్తా అధికారంతో నడవడాన్ని చూసినప్పుడు నేను నిజంగా భయపడ్డాను. బ్రౌజర్‌కూ సర్వరుకూ మధ్య నడిచే సమాచారాన్ని ఆపి మార్చనిచ్చే బర్ప్ సూట్ అనే సాధనాన్ని మధ్యలో నిలబెట్టి, ఫారంలో దాగి ఉన్న టిక్కీల సంఖ్యను దారిలోనే మార్చి పంపిన తరువాత, బ్రౌజర్‌లో చేసే తనిఖీని నమ్ముకోవడం నాకు శాశ్వతంగా పోయింది.

అయితే మాస్టారికి ఈ తప్పులన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించినది చాలా సాదాగా కనపడే ఇంకొకటి. బిల్లు పేజీ వెబ్ చిరునామా చివర ఉన్న అంకెను ఒకటి పెంచితే పక్క రైతు బిల్లు తెరుచుకునేది. దానికి హ్యాకింగ్ సాధనాలు అక్కర్లేదు, అంకెలు తెలిస్తే చాలు. నువ్వెవరివని సైటు అడుగుతుంది, ఇది నీదేనా అని మాత్రం అడగదు. వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ 2013 జూన్‌లో ఇచ్చిన టాప్ 10 లోపాల జాబితాలో ఇంజెక్షన్ (మన కొటేషన్ గుర్తు లాంటిది) మొదటిది, ఈ లోపం నాలుగోది. ఆ వరుసతో మాస్టారు ఒప్పుకోలేదు. లెక్కలు, మార్కులు, రసీదులు అన్నీ వరుస సంఖ్యలతో నడిచే మన దగ్గర ఇదే ముందు నిలవాలని ఆయన వాదించారు. 2017 జాబితాలో దీన్ని దాని తోబుట్టువు లాంటి మరో లోపంతో కలిపి యాక్సెస్ కంట్రోల్ (ఎవరికి ఏది అందాలో చూసే కట్టడి) వైఫల్యం అన్న ఒకే పద్దు కింద చేర్చారు. 2021 జాబితాలో ఆ పద్దు మొదటి స్థానానికి వచ్చింది, ఇంజెక్షన్ మూడో స్థానానికి దిగింది. ఆ రోజు నేను మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన ఎక్కువ మాట్లాడలేదు గానీ, సంతోషించారని గొంతులో తెలిసింది.

రంధ్రాలు కనిపెట్టడం సగం పనేనని ఆయన నమ్మకం. మిగతా సగం కోసం ఆయన కొట్టు యజమాని వేషం కట్టి, భుజాన కండువా వేసుకుని కుర్చీలో కూర్చున్న మధ్యాహ్నం నా మొత్తం ఇంజనీరింగ్ చదువుకు సమానం. తెనాలి తన నివేదికను ఎంతో నమ్మకంతో చదివాడు. అందులో సెషన్ అనీ, పేలోడ్ అనీ, పారామీటర్ అనీ మాటలు వరుసగా వచ్చాయి. అంతా విన్న మాస్టారు, "ఇంతకీ నేను రేపు పొద్దున కొట్టు తెరవాలా, మూసుకోవాలా బాబూ?" అని అడిగారు. గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ తరువాత ప్రతి నివేదికనూ ముందు తెలుగులో, యజమానికి అర్థమయ్యేట్టు రాయమన్నారు: ఎవరి సమాచారం ఎవరికి కనపడుతోంది, దానివల్ల ఎవరి డబ్బు పోవచ్చు, ఈ రోజే ఆపవలసింది ఏది, వచ్చే నెల దాకా ఆగగలిగింది ఏది. ఆ లోపం మళ్ళీ కనపడేట్టు చేసే మెట్లు, దాన్ని సరిచేసే పద్ధతి ప్రోగ్రామర్ కోసం వెనక పేజీలో ఉండాలి. పక్క రైతు బిల్లును సాక్ష్యంగా జతచేసేటప్పుడు పేరునూ మొత్తాన్నీ నల్లగా కొట్టేయాలి. లోపం ఉందని చూపడానికి ఒక్క బిల్లు చాలినప్పుడు రెండోది తెరిచినవాళ్ళకు మార్కులు తగ్గించేవారు. ఆకుపచ్చ సిరాతో ఆయన దిద్దిన కాగితాలు నా దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు మనం ప్రాజెక్టు వైవాల హడావిడిలో ఉన్నాం. మాస్టారు క్లాసుకు వచ్చి, సైట్లతో జరిగే సంభాషణను రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్ కోడ్‌లోని ఆ తప్పును బోర్డు మీద విడమరిచారు. అవతలివాడు నాలుగు అక్షరాలు పంపి అరవై నాలుగు కిలోబైట్లు పంపానని చెబితే, సర్వరు కొలిచి చూసుకోకుండా ఆ మాట నమ్మి, అంత పొడవునా తన మెమరీలో ఉన్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండవచ్చు, రహస్య తాళంచెవులు ఉండవచ్చు. 2012 మార్చిలో వచ్చిన 1.0.1 వెర్షన్ నుంచి ఆ తప్పు అందరి కళ్ళముందే ఉంది. ఫలానా బ్యాంకు సైటును ఒక్కసారి చూద్దామని మనలో కొందరు ఉత్సాహపడితే, "సంతకం ఏది?" అని మాత్రం అడిగి, ల్యాబ్‌లోని సర్వరులోనే పాత వెర్షన్ పెట్టించి అక్కడ పరీక్షింపజేశారు.

ఇప్పుడు నేను హైదరాబాదులో అప్లికేషన్ సెక్యూరిటీ బృందాన్ని నడుపుతున్నాను. ఆసుపత్రుల, బ్యాంకుల సైట్లు జనానికి అందుబాటులోకి రాకముందు మా చేతుల మీదుగా వెళతాయి. చేరిన ప్రతి కొత్త ఇంజనీరు చేతా మొదట అనుమతి పత్రం రాయిస్తాను, నివేదిక మొదటి పేజీని ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించి రమ్మంటాను. మా నివేదికలు చదివాక తమకు ఏం చేయాలో తెలిసిందని ఖాతాదారులు చెప్పినప్పుడు, ఆ మెప్పులో ఎక్కువ భాగం గుంటూరుకు చెందుతుందని నాకు తెలుసు. బాపట్ల బెంగళూరులో ఇదే పనిలో నాకన్నా పెద్ద బాధ్యతల్లో ఉంది. మాచర్ల పోలీసు శాఖలో సైబర్ నేరాల విభాగానికి వెళ్ళాడని తెలిసినప్పుడు మాస్టారు పొంగిపోయారు.

మిత్రులకు నాదొక కోరిక. మిర్చి కొట్టు అసలు కోడ్ ఉన్న సీడీ మాస్టారి దగ్గర లేదు, నా దగ్గరా లేదు. మీలో ఎవరి పెట్టెలోనైనా ఉంటే సమావేశానికి తప్పక తీసుకురండి. అది ఇప్పటి పీహెచ్‌పీ మీద నడవదు కనుక, పాత వెర్షన్‌తో ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) నేను సిద్ధం చేసి తెస్తాను. మాస్టారు వస్తానని మాట ఇచ్చారు, కొట్టు తెరవడానికి కావలసిన అనుమతి పత్రం మీద ఆయన సంతకం ముందే తీసుకున్నాను.