తెచ్చిన పువ్వు ఒకటి, పట్టుకెళ్లేది ఇంకొకటి

పువ్వు తెచ్చి దేవుడికి పెట్టకుండా మళ్లీ ఇంటికి పట్టుకెళ్లడమేంటి అని మనవాళ్లకి మొదట అనిపిస్తుంది. మే, జూన్ నెలల్లో ఒక ఆదివారం యూనిటేరియన్ సంఘాల్లో (దేవుడు ఒక్కడే, త్రిత్వం లేదంటూ క్రైస్తవంలోంచి విడివడిన ఉదారవాద సంఘాలివి) జరిగే పూల ఆరాధనలో జరిగేది అదే. తలా ఒక పువ్వు తెచ్చి అందరికీ కలిపి పెట్టిన ఫ్లవర్‌వాజులో గుచ్చుతారు, ప్రార్థన అయ్యాక వెళ్తూ వెళ్తూ ఇంకెవరో తెచ్చిన పువ్వు తీసుకుంటారు.

దీన్ని మొదలుపెట్టింది చెక్ దేశానికి చెందిన నార్బర్ట్ చాపెక్, 1923 జూన్‌లో, ప్రాగ్‌లో. ఆయన మొదట బాప్టిస్టు పాస్టరు. అమెరికా వెళ్లి అక్కడ యూనిటేరియన్ అయ్యి, 1921లో భార్య మాయాతో కలిసి తిరిగొచ్చి సంఘం పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఆస్ట్రియా చక్రవర్తుల పాలన పోయాక అక్కడ చాలామంది కాథలిక్ చర్చికి దూరమయ్యారు. అలాంటివాళ్లూ, ప్రొటెస్టెంట్లూ, యూదులూ, ఏ నమ్మకమూ లేనివాళ్లూ ఈయన దగ్గర చేరారు. ఇంతమందికి కలిపి ఏ తంతు పెడతాం? చర్చిల్లో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం పెడితే కొందరికి వదిలేసి వచ్చిందే మళ్లీ ఎదురైనట్టుంటుంది, కొందరికి అది అసలు తమది కాదు. పోనీ ఏమీ వద్దు, ప్రసంగం చాలనుకుంటే ఆదివారం కాస్తా మీటింగ్ అయిపోతుంది. అందుకే పువ్వు.

చాపెక్ పెట్టిన పద్ధతిలో నాకు బాగా నచ్చింది తీసుకునే తీరు. ఎవరు తెచ్చారో, ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకుండా చేతికి ఏది వస్తే అది తీసుకోవాలి, అంటే ఇక్కడున్న ఏ మనిషినైనా నావాడే అని ఒప్పుకున్నట్టు. వినడానికి తేలికే. కానీ ఆ వాజు ముందు నిలబడితే చెయ్యి దానంతటదే మంచి గులాబీ వైపు పోతుంది! పక్కనే ఎవరో పిల్లవాడు దారిలో పచ్చికలోంచి పీకి, గుప్పిట్లో నలిపేసి తెచ్చిన డాండెలయన్ అనే పసుప్పచ్చ గడ్డిపువ్వు కాడ వంగిపోయి, రేకులు సగం రాలి ఉంటుంది. అదీ ఎవరో ఒకరి ఇంటికి చేరాలి.

మనకి ఇవ్వడం బాగానే వచ్చు. గుళ్లో ఫ్యాను మీద కూడా దాత పేరు, ఊరి పేరు, ఎవరి జ్ఞాపకార్థమో రాసి ఉంటుంది (ఒక్కోసారి రెక్కలకంటే పేరే పెద్దది). ఇక్కడ ఏ పువ్వు ఎవరిదో తెలిసే వీల్లేదు. "పత్రం పుష్పం ఫలం తోయం" అని గీతలో చెప్పినప్పుడు కూడా ఎంత ఖరీదైంది ఇచ్చావని కాదు, ఎలాంటి మనసుతో ఇచ్చావన్నదే కదా లెక్క. ఆ పువ్వుని అందుకునేది సాటి మనిషైతే, అతను కూడా దేవుడిలాగే ఖరీదు చూడకుండా తీసుకోగలడా అన్నది ఈ ఆరాధన అదనంగా అడిగే ప్రశ్న అనిపిస్తుంది నాకు.

1941 మార్చిలో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో, చాపెక్‌నీ ఆయన కూతురినీ అరెస్టు చేసింది. ఆయన్ని దాఖౌ నిర్బంధ క్యాంపుకి పంపి, 1942 అక్టోబరులో ఆస్ట్రియాలోని హార్ట్‌హైమ్‌లో చంపేశారు. మనుషుల్ని జాతుల వారీగా ఏరి పక్కన పెట్టేవాళ్లకి, ఏరకుండా తీసుకోమనే మనిషి ఎలా నచ్చుతాడు? అప్పటికే అమెరికాలో ఉన్న మాయా, 1940లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ సంఘానికి ఈ ఆరాధనని పరిచయం చేసింది. అక్కణ్ణుంచే దేశమంతా పాకింది.

యూనిటేరియన్లు మనకి మరీ పరాయివాళ్లేం కాదు. బ్రహ్మసమాజం పెట్టకముందే, 1821లో, రామమోహన్ రాయ్ కలకత్తాలో వాళ్లతో కలిసి యూనిటేరియన్ కమిటీ నడిపాడు. ఆ బ్రహ్మసమాజమే తర్వాత మన వీరేశలింగం గారి దాకా, రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి దాకా వచ్చింది.

ఈ సంఘాల్లో ఫలానాది నమ్మితేనే రావాలనే షరతు లేదు, ఒకరితో ఒకరు ఎలా మసులుకోవాలన్న ఒప్పందమే ఉంటుంది. అది నిలబడుతుందో లేదో పూల ఆదివారం నాడు తెలియదు, ఆ రోజు అందరూ నవ్వుతూనే ఉంటారు. చాలాచోట్ల దానికి కాస్త అటూ ఇటూగానే సంఘం వార్షిక సమావేశం కూడా వస్తుంది. అదే హాలు, అవే కుర్చీలు, బడ్జెట్ మీద ఓటింగ్. పైకప్పు రిపేరుకి డబ్బులెక్కడివని నిలదీసే ఆయన తెచ్చిన పువ్వు, జవాబు చెప్పాల్సిన ఆవిడ వంటింట్లో గ్లాసు నీళ్లలో ఉండొచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.