డీఎన్‌బీ ప్రాక్టికల్స్‌కు నర్వ్ బ్లాకులు ఎలా చదివాను

డీఎన్‌బీ (వైద్యంలో పీజీ స్థాయి అర్హత) అనస్థీషియా ప్రాక్టికల్స్‌కు సిద్ధమవుతున్న మిత్రుల కోసం, అందులోనూ నర్వ్ బ్లాకులంటే (నరాల దగ్గర మందు ఇచ్చి ఆ భాగానికి నొప్పి తెలియకుండా చేయడం) బెరుకు ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. నా చదువు దారి మార్చినది పుస్తకం కాదు, ఒక రోగి.

కోనసీమలోని ఒక ఆసుపత్రిలో నా శిక్షణ మొదటి ఏడాదిలో, లంక గ్రామం నుంచి పడవ మీద ఏటి పాయ దాటించి ఒక మామ్మగారిని తీసుకొచ్చారు. రేవు మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. కాలు కదిపితే చాలు కేక పెడుతున్నారు. ఫేషియా ఇలియాకా బ్లాకు (గజ్జల దగ్గర కండరాన్ని కప్పే ఫేషియా అనే పొర కింద మందు ఇచ్చే బ్లాకు) కోసం నేను బ్యుపివకైన్ అనే మత్తుమందు 0.5 శాతంది 20 మిల్లీలీటర్లు సిరంజిలోకి తీశాను. "ఎంత మందు ఇస్తున్నావమ్మా?" అని సీనియర్ మేడమ్ అడిగారు. "ఇరవై ఎం.ఎల్. మేడమ్" అన్నాను. "నేనడిగింది మిల్లీగ్రాములు" అన్నారామె.

శాతాన్ని పదితో గుణిస్తే మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. అంటే నా సిరంజిలో ఉన్నది 100 మిల్లీగ్రాములు. మామ్మగారి బరువు 42 కిలోలు. కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున 84 దాటకూడదు. పోనీ పరిమాణం తగ్గిద్దామా అంటే, ఈ బ్లాకు పనిచేసేదే మందు పొర కింద విస్తరించడం వల్ల. అందుకని సెలైన్ కలిపి 0.25 శాతానికి పలుచన చేసి 30 మిల్లీలీటర్లు ఇచ్చాం. మొత్తం 75 మిల్లీగ్రాములు. ఆ రోజు నుంచి ప్రతి రోగికీ బరువు, గరిష్ఠ మోతాదు, పలుచన ఈ వరుసలో నోటుబుక్కులో రాసుకున్నాకే సిరంజి ముట్టుకున్నాను.

సూది విషయంలో నాకు ఎక్కువ కాలం పట్టింది. గజ్జల మడత మీద అల్ట్రాసౌండ్ ప్రోబు పెడితే తెర మీద కొట్టుకునే ధమని, దాని బయటి వైపు ఇలియాకస్ కండరం, ఆ కండరం మీద తెల్లటి గీతలా ఫేషియా కనిపిస్తాయి. అయితే ప్రోబు కాస్త ఏటవాలైనా సూది మధ్యభాగమే మొనలా భ్రమింపజేస్తుంది. మొన కనిపించకపోతే సూదిని తొయ్యకుండా ప్రోబునే కదపాలి. ఈ అలవాటు కోసం చికెన్ ముక్కల మీద వారాల తరబడి సాధన చేశాను. మొన చేరిందనుకున్నాక ఒకటి రెండు మిల్లీలీటర్ల సెలైన్ ఇస్తే, అది చాప కింద నీరులా పాకి ఆ తెల్లగీతను కండరం నుంచి పైకి లేపాలి. కండరమే ఉబ్బితే లోతుకు వెళ్లామని అర్థం. ఆపై ప్రతి 3 నుంచి 5 మిల్లీలీటర్లకు ఒకసారి సిరంజి పిస్టన్‌ను వెనక్కి లాగి, రక్తం రావడం లేదని చూసుకుంటూ ఇవ్వాలి.

వైవాలో (మౌఖిక పరీక్షలో) ఎగ్జామినర్ నన్ను అడిగింది లెక్కే. 60 కిలోల రోగికి సుప్రాక్లావిక్యులర్ బ్లాకులో (చేతికి మెడ ఎముక పైన ఇచ్చే బ్లాకు) 0.5 శాతం బ్యుపివకైన్ 20 మిల్లీలీటర్లు ఇచ్చాక, సర్జన్ గాయం దగ్గర లిగ్నొకైన్ అనే మరో మత్తుమందు 2 శాతంది 10 మిల్లీలీటర్లు వేస్తానంటే ఒప్పుకుంటారా? బ్యుపివకైన్ గరిష్ఠం 120 మిల్లీగ్రాములకు 100 అయింది. అడ్రినలిన్ లేని లిగ్నొకైన్ కిలోకు 4.5 మిల్లీగ్రాముల చొప్పున గరిష్ఠం 270కి 200 అవుతుంది. విడివిడిగా రెండూ హద్దులోనే ఉన్నాయి కానీ, విషప్రభావం కలిసి పెరుగుతుంది కనుక ఒప్పుకోనన్నాను. మూర్ఛ వస్తే ఏం చేస్తారన్నారు. మందు ఆపి, సాయం పిలిచి, ఆక్సిజన్ ఇస్తూ మూర్ఛను అదుపు చేసి, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (మత్తుమందు విషప్రభావానికి విరుగుడుగా ఇచ్చే కొవ్వు ద్రావణం) కిలోకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున 90 ఇచ్చి, తర్వాత నిమిషానికి 15 చొప్పున ఎక్కిస్తానన్నాను.

"మీ థియేటర్లో ఆ సీసా ఎక్కడుంటుంది?" అన్నది ఎగ్జామినర్ చివరి ప్రశ్న. ఏ అరలో ఉంటుందో చెప్పగలిగాను. మీరు పరీక్షకు బయలుదేరే ముందు మీ థియేటర్లో అది ఎక్కడుందో స్వయంగా వెళ్లి చూడండి, గడువు తేదీ కూడా చదవండి.