రాత్రి పదిన్నరకి తీసిన రక్తం

కొన్ని నెలలకోసారి చలిజ్వరం వచ్చేది. గజ్జల్లో బిళ్ళ కట్టి, ఎడమకాలు ఎర్రబడి సలిపేది. వారంలోపే తగ్గిపోయేది. మాది కోనసీమ. బోదకాలు ఉన్నవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి కాబట్టి లోపల టెన్షన్‌గానే ఉండేది. ఓ ల్యాబ్‌లో రక్తం ఇస్తే ఫైలేరియా, అంటే బోదకాలు తెచ్చే జబ్బు, లేదన్నారు. కానీ ఈసారి వాపు పూర్తిగా దిగలేదు. సాయంత్రానికి చీలమండ దగ్గర నొక్కితే గుంట పడేది.

ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ రిపోర్టు చూసి, "రక్తం ఎన్నింటికి తీశారండీ?" అని అడిగింది. పొద్దున్న అన్నాను. "ఆ టైముకి దొరకవు మాస్టారూ" అంది. ఫైలేరియా తెచ్చే సన్న పురుగుల్లో పెద్దవి లింఫు నాళాల్లో ఏళ్ళ తరబడి బతుకుతాయి. వాటి పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లోని సన్న రక్తనాళాల్లో ఉండిపోయి, రాత్రి 10 నుంచి 2 మధ్య ఎక్కువగా చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని ఒకరి నుంచి ఇంకొకరికి మోసే, మురుగులో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళకే! ఇంత ముఖ్యమైన సంగతి రక్తం తీసినప్పుడు నాకెవరూ చెప్పలేదు.

టెక్నీషియన్ కుర్రాడు రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చి వేలు గుచ్చాడు. మర్నాడు స్లైడుకి రంగు వేసి మైక్రోస్కోపులో నాకే చూపించాడు. మెలిక తిరిగిన సన్న దారంలా ఉంది. భయం కన్నా, కారణం తెలిసిందన్న ఊరటే ఎక్కువైంది.

ఫైలేరియాకి ఇచ్చే డీఈసీ మాత్రలు 12 రోజులు వాడమన్నారు. మొదట్లో జ్వరం, తలనొప్పి వచ్చాయి. పురుగు పిల్లలు చస్తుంటే అలాగే ఉంటుందట. రోజూ కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, రాత్రి దిండు మీద ఎత్తుగా పెట్టుకునేవాణ్ణి. తొలిదశ కాబట్టి వాపు దిగింది. ముదిరి చర్మం గట్టిపడితే మాత్రలతో కాలు మామూలు కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది.

తర్వాత ఇంట్లో అందరికీ స్ట్రిప్ పరీక్ష చేశారు. అది పెద్ద పురుగులు రక్తంలోకి వదిలే యాంటిజెన్ అనే పదార్థాన్ని పడుతుంది కాబట్టి పగలైనా పర్వాలేదు. వేలి నుంచి కాస్త రక్తం, పది నిమిషాల్లో ఫలితం. ఇంటర్ చదివే మా అబ్బాయికి పాజిటివ్ వచ్చింది. జ్వరం లేదు, వాపు లేదు, వాడు నమ్మనే లేదు. అయినా వాళ్ళమ్మ దగ్గరుండి మాత్రలన్నీ మింగించింది.