డొంబోస్‌లో మా కారు పస్తున్న రాత్రి

మా మామయ్యగారు ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపారు. ఆయన రోజుల్లో డిపోలో ప్రతి డ్రైవరు పేరు పక్కనా ఒక అంకె ఉండేదట, కేఎంపీఎల్ అని. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తీశాడన్న లెక్క అది. తగ్గితే పిలిచి అడిగేవారు, పెరిగితే నోటీసు బోర్డు మీద పేరు ఎక్కేది. రిటైరై తొమ్మిదేళ్లయినా ఆయనను ఆ లెక్క వదల్లేదు. జనవరిలో ఓస్లోలో మా కారు ముందు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకోగానే అడిగిన మొదటి ప్రశ్న, "దీని కేఎంపీఎల్ ఎంత బాబూ?"

"లీటర్లు లేవు మామయ్యగారూ, యూనిట్లు" అన్నాను. మన ఇంటి కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే. ఈ బండి కడుపులో 75 పడతాయి, వేసవిలో వంద కిలోమీటర్లకు 16 ఖర్చవుతాయి. "మరి చలికాలంలో?" అన్నారు. చూద్దాం అన్నాను. ఆయన కోటు జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నారు: శుక్రవారం మధ్యాహ్నం మూడు, ఛార్జి నూటికి నూరు, బయట మైనస్ 14.

మేం వెళ్లేది ట్రోన్‌హైమ్‌లో ఉన్న మా స్నేహితుల ఇంటికి, సంక్రాంతికి. పండుగ వారం మధ్యలో పడితే ఏం, ఇక్కడి తెలుగువాళ్ల పండుగలన్నీ శనివారమే వస్తాయి. డిక్కీలో రెండు డబ్బాల అరిసెలు, వెనక సీట్లో మా ఆవిడ, ఆమె ఒళ్లో పులిహోర గిన్నె. దూరం 500 కిలోమీటర్ల పైచిలుకు. రెండు దారులున్నాయి. లారీల వాళ్లు ఎక్కువగా వెళ్లే ఊస్తెర్‌డాలెన్ లోయ దారి కాస్త దగ్గర, కానీ చలి మరీ ఎక్కువ, ఊళ్లు తక్కువ. మేం గుడ్‌బ్రాండ్స్‌డాలెన్ లోయ గుండా, దోవ్రేఫ్యెల్ కొండల మీదుగా వెళ్లే ఈ-6 రోడ్డు పట్టుకున్నాం. దూరం ఎక్కువైనా ఛార్జర్లు బాగా ఉన్న దారి.

నార్వేలో విద్యుత్ కారు కొనడం ఇప్పుడు వింతేమీ కాదు. 2024లో ఇక్కడ అమ్ముడైన ప్రతి వంద కొత్త కార్లలో దాదాపు 89 కరెంటువే. కరెంటు కూడా ఎక్కువ భాగం జలవిద్యుత్తే. టోల్ గేటు దాటుతుంటే మామయ్యగారికి ఆ-హా అనే పాటల బృందం కథ చెప్పాను. 1989లో ఆ బృందంలోని ఇద్దరు, ఒక పర్యావరణ కార్యకర్త కలిసి, బ్యాటరీ బిగించిన చిన్న ఫియట్ పాండాను దేశంలోకి తెచ్చి, టోల్ కట్టం పొమ్మని తిరిగారు. జరిమానాలు పోగుపడ్డాయి, ప్రభుత్వం బండిని పట్టుకుని వేలం వేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు విద్యుత్ కార్లకు టోలే ఎత్తేశారు. ఇప్పుడు మళ్లీ కొంత వసూలు చేస్తున్నారు లెండి. "అందరూ ఎక్కాక టికెట్టు కొట్టడం మొదలుపెట్టారన్నమాట" అన్నారు ఆయన.

మ్యోసా సరస్సు పక్కన నాలుగు లేన్ల రోడ్డు మీద 110లో పోతుంటే తెర మీద వంద కిలోమీటర్ల ఖర్చు అంకె 26 చూపించింది. మామయ్యగారు దానికేసి అలాగే చూస్తున్నారు. కాసేపటికి ఇక ఉండబట్టలేక, "కాలు కొంచెం తియ్యి బాబూ" అన్నారు. తీశాను. 95 వేగానికి అంకె 22కు దిగింది. చల్లగాలి బరువుగా ఉంటుంది, మైనస్ 20లో గాలి సాంద్రత ప్లస్ 20లో కంటే ఆరో వంతు ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ దాన్ని చీల్చుకుపోవడానికే ఖర్చు. దానికి తోడు హీటరు. ఇంట్లో రెండు గీజర్లు వేసి వదిలేసినట్టు, బాగా చలి ఉన్నప్పుడు అది గంటకు నాలుగు యూనిట్ల దాకా తింటుంది. ఈ సంగతి చెప్పడం నా తప్పయింది. ఆయన సంచీలోంచి మంకీ క్యాపు తీసి తగిలించుకుని, హీటరు కట్టేయమన్నారు. వెనక నుంచి మా ఆవిడ, "నాన్నా, మీ నోటీసు బోర్డు ఇక్కడ లేదు" అంది. చివరికి సీట్లు వేడెక్కే మీట వేసి గాలి వేడి కొంచెం తగ్గించాను. వీపు వెచ్చగా ఉంటే మనిషి చాలా ఓర్చుకుంటాడు, ఖర్చూ తక్కువ.

1994లో శీతాకాల ఒలింపిక్స్ జరిగిన లిల్లెహామర్ దగ్గర మొదటి మజిలీ. అక్కడికి 185 కిలోమీటర్లు, మిగిలింది 42 శాతం. నావిగేషన్‌లో ఛార్జింగ్ కేంద్రాన్నే గమ్యంగా పెట్టుకున్నాను కాబట్టి, బండి అరగంట ముందు నుంచే బ్యాటరీని వెచ్చబెట్టుకుంటూ వచ్చింది. తగిలించగానే కరెంటు ధారగా ఎక్కింది. 27 నిమిషాల్లో 80 శాతం. ఆ కాసేపట్లో పులిహోర అయిపోయింది, ఫ్లాస్కులో టీ సగమైంది. "బస్సు కూడా భోజనానికి ఇంతసేపు ఆపేవాళ్లం" అని మామయ్యగారు సర్టిఫికెట్ ఇచ్చేశారు. నాకు గర్వంగా అనిపించింది. అక్కడే ధీమా ఎక్కువైంది.

లిల్లెహామర్ దాటాక లోయ ఇరుకైంది, రోడ్డు రెండు లేన్లకు వచ్చింది, థర్మామీటరు మైనస్ 22కు దిగింది. రోడ్డుకు రెండు పక్కలా మంచులో పాతిన కర్రలు దీపాల వెలుగులో ఒకదాని వెనక ఒకటి వస్తూ పోతూ ఉన్నాయి. రాత్రి ఎనిమిదింబావుకు డొంబోస్ చేరాం. 22 శాతం మిగిలింది. మామయ్యగారు డైరీలో లెక్క కట్టి, ఈ ముక్కలో వందకు 28 అన్నారు. వేసవి లెక్కకు దాదాపు రెట్టింపు.

శుక్రవారం రాత్రి డొంబోస్ అంటే తిరునాళ్లే. దేశం దేశమంతా కొండల్లోని తమ చెక్క ఇళ్లకు బయలుదేరే పూట. ఛార్జర్ల దగ్గర మా ముందు నాలుగు కార్లు. పావుగంట చూశాం. మేం తీసుకున్న చెక్క ఇల్లు అక్కడికి ఐదు నిమిషాల దూరం. "పొద్దున్నే ఖాళీగా ఉంటుంది, అప్పుడు పెట్టుకుందాం" అన్నాను. ఈ ప్రయాణంలో నేను చేసిన తెలివితక్కువ పని ఇదొక్కటే, కానీ అసలైనది. బ్యాటరీ ఐదు గంటలు పరిగెత్తి వెచ్చగా ఉంది. పెట్టాల్సిన సమయం అదే.

ఆ ఇంటి బయట గోడకు ప్లగ్గు ఉంది. దాని మీద కారు ఛార్జింగ్ నిషేధం అని కాగితం అంటించి ఉంది. మామూలు ప్లగ్గు నుంచి గంటల తరబడి కారుకు కరెంటు లాగితే వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం, వాళ్ల భయంలో తప్పు లేదు. పక్కింటి ముందు ఒక పాత డీజిల్ బండి ఉంది. దాని ముక్కులోంచి ఒక నల్ల వైరు వేలాడుతూ పోయి ఆ ఇంటి గోడ ప్లగ్గులో దూరింది. మామయ్యగారు ఆగిపోయి, వంగి మరీ చూశారు. ఇంజన్ హీటరు అని చెప్పాను. ఇక్కడి చలికి రాత్రంతా, లేదా తెల్లవారుజామున కొన్ని గంటలు ఇంజన్‌ను అలా వెచ్చగా ఉంచితేనే ఉదయం బండి సుఖంగా స్టార్టవుతుంది. ఆయన ఆ బండి వంక, మా బండి వంక చూసి, "డీజిల్ బండికేమో కరెంటు. కరెంటు బండికేమో పస్తు" అని లోపలికి వెళ్లిపోయారు.

పొద్దున ఏడున్నరకు మైనస్ 29. ముక్కులోపలి తడి గడ్డకట్టి ఊపిరి పీలిస్తే చిటపటలాడే చలి. బండి 18 శాతం చూపించింది, పక్కన చిన్న నీలిరంగు మంచుపువ్వు, బ్యాటరీ చల్లబడిందన్న గుర్తు. కారు ఎక్కడం ఒక పని, ఛార్జర్ దగ్గరకు వెళ్లాక ఇంకో పని. ఛార్జింగ్ మూత మంచు పట్టి రాలేదు. మామయ్యగారు ఫ్లాస్కు మూత తిప్పబోతుంటే మా ఆవిడ పట్టుకుంది: వేడి నీళ్లు పోస్తే నిమిషంలో అదే మళ్లీ గడ్డకట్టి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఆయన గ్లౌజు తీసి అరచేయి మూత మీద ఆనించి, లేగదూడ నుదురు మీద చెయ్యి వేసినట్టు, కదలకుండా నిలబడ్డారు. ఇరవై లెక్కపెట్టాక చెయ్యి మార్చారు. అటూ ఇటూ రెండుసార్లు గుద్దాక మూత తెరుచుకుంది. కేబులు మరీ బిర్రబిగిసి ఉంది, ఇద్దరం పట్టి వంచితే గానీ రంధ్రం దాకా రాలేదు.

ఛార్జర్ మీద 150 కిలోవాట్లని రాసుంది, అంటే గంటకు 150 యూనిట్ల వేగం. మా తెర మీద 19.

నిమిషం చూశాం. 19. ఐదు నిమిషాలకు 20. అందులోనూ కొంత బ్యాటరీని వెచ్చబెట్టడానికే పోతోంది. ఛార్జర్ పాడైందేమోనని పక్కదానికి మార్చాను, అక్కడా అంతే. పక్కన అప్పుడే దూరం నుంచి వచ్చి ఆగిన ఒకావిడ బండికి మాత్రం 120 ఎక్కుతోంది. ఆవిడ మా బండి వంక చూసి, నవ్వు ఆపుకుంటూ, రాత్రి ఇక్కడే ఉన్నారా అని అడిగింది. ఇక దాచడానికేముంది.

"చలికి పేరిన నెయ్యి గిన్నెలోంచి గరిటెతో ఎంత తీయగలవు?" అన్నారు మామయ్యగారు, నేను వివరించబోయేలోపే. ఇంతకంటే నేను బాగా చెప్పలేను. బ్యాటరీలోని ద్రవం చలికి చిక్కబడుతుంది, లిథియం అయాన్లు అందులో ఈదులాడుతూ కదలాలి. ఆ స్థితిలో బలవంతంగా కరెంటు తోస్తే లిథియం ఎలక్ట్రోడ్ లోపలికి ఇంకకుండా పైపైనే లోహంగా పేరుకుంటుంది, అలా పోయిన సామర్థ్యం తిరిగి రావడం కష్టం. అందుకే బండిలోని కంప్యూటర్ గొంతు దగ్గరే పట్టుకుని చుక్క చుక్కగా వదులుతుంది. బండి పాడవలేదు, తనను తాను కాపాడుకుంటోంది. మనకేమో పండక్కి ఆలస్యమవుతోంది.

పాతిక నిమిషాలకు వేగం 31 కిలోవాట్లయింది, నలభై నిమిషాలకు 58, ఆ తర్వాత దారిన పడింది. మొత్తం గంటా పది నిమిషాలు. రాత్రి కార్లు కదిలేదాకా ఓపిక పట్టి ఉంటే అరగంటలో అయిపోయేది. ఇంకో దారి కూడా ఉంది, లేచిన వెంటనే ఏదో ఒక గమ్యం పెట్టి బ్యాటరీ వెచ్చబెట్టే ఏర్పాటు ఆన్ చేసి ఉండాల్సింది. కానీ 18 శాతం మీద ఆ ఖర్చు పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇక్కడి వాహనదారుల సంఘం ప్రతి చలికాలమూ కొత్త కార్లను వరసపెట్టి ఆగిపోయేదాకా నడిపి చూస్తుంది. కొన్ని కంపెనీ చెప్పిన దూరానికి దగ్గరగా వస్తాయి, కొన్ని మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే వెనకబడతాయి. ఆ పట్టికలు చదివే నేను కారు కొన్నాను. రాత్రి ఎక్కడ నిలబెడతావు అన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు. ఓస్లోలో మా అపార్టుమెంటు కింద సొంత ఛార్జర్ ఉంది కాబట్టి, నాలుగు చలికాలాలు నాకు ఆ ప్రశ్నే రాలేదు. వీధిలో పార్కింగ్ చేసుకునేవాళ్లకు అది రోజూ ఎదురయ్యేదే.

డొంబోస్ నుంచి రోడ్డు పైకెక్కుతుంది. దోవ్రేఫ్యెల్ మీద 1026 మీటర్ల ఎత్తులో ఈ-6 మొత్తానికీ ఎత్తైన చోటు వస్తుంది. అప్పుడే సూర్యుడు కొండ అంచు మీదికి వచ్చాడు, స్నోహెట్టా శిఖరం గులాబీ రంగులో ఉంది. గాలి లేదు, అదృష్టం. తుఫాను ఉంటే ఇక్కడ గేట్లు మూసి, మంచు తోసే బండి వెనక వరసగా వదులుతారు. అప్పుడు ఎంతసేపు ఆగాలో చెప్పలేం కాబట్టి, ఈ కొండ ఎక్కేటప్పుడు అవసరానికి మించి పాతిక శాతం చేతిలో ఉంచుకోవడం నా అలవాటు. నిలబడిన కారులో వేడికి గంటకు రెండు మూడు యూనిట్లు చాలు, పాతిక శాతంతో ఆరు నుంచి తొమ్మిది గంటలు గడుస్తుంది. ఇక్కడ గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చి వదిలిన కస్తూరి ఎద్దులు తిరుగుతాయి. మాకు బోర్డు మీదే కనిపించాయి. గేదెకు గొంగళి కప్పినట్టుంది అన్నారు మామయ్యగారు.

దిగుడులో ఆయన మళ్లీ హుషారయ్యారు. కాలు తీస్తే చాలు, అంకె సున్నా కిందికి పోయి బ్యాటరీలోకి యూనిట్లు తిరిగి వస్తున్నాయి. తిరుమల ఘాట్ మీద 2022 నుంచి నడుస్తున్న మన విద్యుత్ బస్సుల్లో ఆయన ప్రయాణికుడిగా ఎక్కారట, బ్రేకులు కాలిన వాసన లేకుండా కొండ దిగడం అప్పుడే మొదటిసారి చూశానన్నారు. నేను మాత్రం ఆ తిరిగి లాగే పట్టును ఒక మెట్టు తగ్గించాను. గట్టి మంచు మీద చక్రం ఒక్కసారిగా పట్టేస్తే బండి పక్కకు జారుతుంది. ఓప్‌డాల్ దాటేసరికి మైనస్ 17, అంకె 23, దారి పొడవునా మామయ్యగారి పెన్ను ఆగలేదు.

ట్రోన్‌హైమ్‌లో స్నేహితుల ఇంటి ముందు ఆగేసరికి 17 శాతం ఉంది. పిల్లలు బయటికి పరిగెత్తుకొచ్చారు. లోపల నుంచి పొంగలి వాసన. అరిసెల డబ్బా తీస్తే అవి రాత్రంతా డిక్కీలో ఉండి రాళ్లయ్యాయి, ఒకటి మెట్టు మీద పడితే టంగున మోగింది. అందరం లోపలికి వెళ్తున్నాం. మామయ్యగారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

"మీరు పదండి" అన్నారు గ్లౌజులు తొడుక్కుంటూ. "బాబూ, వీళ్ల ఛార్జర్ ఎటు వైపుంది? కనుమ రోజు ముందు వాటికి పెట్టాకే మనం తినేది."