రెండో డౌన్, 26 గజాలు: ఫుట్‌బాల్ ఫిల్మ్ రూమ్‌లో పని సంపాదించిన నా అనుభవం

నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. ఇక్కడ అమెరికాలో మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ (కాలితో ఆడేది కాదు, బంతి చేత్తో పట్టి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) టీమ్ వీడియో విభాగంలో స్టూడెంట్ వర్కర్‌గా నన్ను తీసుకున్నారు. ఇక్కడ కెమెరా పట్టుకోవడం కన్నా చార్టింగే ఎక్కువ. ప్రతి ప్లేకీ ఎన్నో డౌన్ (10 గజాలు ముందుకెళ్ళడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, మైదానంలో ఎవరెవరున్నారు, డిఫెన్స్ ఎలా నిలబడింది, చివరికి ఏమైంది, అన్నీ రాయాలి. కోచ్‌లు వచ్చే వారం ప్లాన్ వేసుకునేది అది చూసే. మాస్టర్స్‌కి వచ్చిన మనవాళ్ళు డైనింగ్ హాలు, లైబ్రరీ దాటి చూడరు. ఇలాంటి పని ఉందని చెప్పేవాళ్ళు కూడా లేరు. అందుకే ఇదంతా వేడివేడిగా ఉన్నప్పుడే రాసేస్తున్నాను.

అప్లికేషన్, ఫోన్‌లో మాట్లాడటం సాఫీగా అయిపోయాయి. ఎక్సెల్ వచ్చా, శనివారాలు ఖాళీయేనా అని అడిగారు, అంతే.

అసలు కథ పరీక్ష దగ్గర మొదలైంది. 2018 జనవరి 8న అట్లాంటాలో జరిగిన అలబామా, జార్జియా యూనివర్సిటీ జట్ల నేషనల్ చాంపియన్‌షిప్ ఫైనల్ ఫిల్మ్ ఇచ్చారు. రెండో సగం మొత్తం చార్ట్ చేసుకొచ్చి, మ్యాచ్ ఎక్కడ తిరిగిందో చెప్పమన్నారు. తెలియనివాళ్ళ కోసం: హాఫ్‌టైమ్‌కి అలబామా 0-13తో వెనకబడి ఉంది. క్వార్టర్‌బ్యాక్ (జట్టుకు పాసులు విసిరేవాడు) జేలెన్ హర్ట్స్ 8 పాసులు విసిరితే 3 అందాయి, మొత్తం 21 గజాలు. అంతకుముందు ఏడాది ఫ్రెష్‌మన్‌గానే (కాలేజీలో మొదటి ఏడాదే) జట్టును ఫైనల్‌దాకా తీసుకెళ్ళిన కుర్రాడతను. అలాంటివాణ్ణి కోచ్ నిక్ సేబన్ హాఫ్‌టైమ్‌లో కూర్చోబెట్టి, టువా టాగోవైలోవా అనే మరో ఫ్రెష్‌మన్‌ని దింపాడు. స్కోరు సమమై, అలబామా ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచింది.

నేను రాత్రిళ్ళు కూర్చుని చార్ట్ తయారుచేశాను. టువా 24 పాసుల్లో 14 అందించడం, 166 గజాలు, 3 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ళ చివరి గీత దాటించడం), 1 ఇంటర్‌సెప్షన్ (పాస్ ఎదుటివాళ్ళ చేతికి చిక్కడం), నాలుగో క్వార్టర్‌లో అలబామా కుర్రాడు నాజీ హారిస్ బంతి పట్టుకుని తీసిన పరుగులు, అన్నీ రంగులు వేసి పెట్టాను. చార్ట్‌లో ఒక్క ప్లే కూడా వదల్లేదు, ఆ మాట ఇప్పటికీ గట్టిగా చెప్తాను.

ఫిల్మ్ రూమ్ చూసుకునే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ నా చార్ట్ తెరవనే లేదు. ఓవర్‌టైమ్ ఆఖరి ప్లే పెద్ద తెర మీద వేశాడు. కాలేజీ ఓవర్‌టైమ్‌లో ఒక్కో జట్టుకు 25 గజాల గీత నుంచి బంతి ఇస్తారు. జార్జియా 51 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపడం, 3 పాయింట్లు) కొట్టి 23-20 చేసింది. అలబామా మొదటి ప్లేలోనే టువాని పట్టి పడేశారు, 16 గజాలు పోయాయి. రెండో డౌన్, 26 గజాలు. తర్వాతి బంతి డెవాంటా స్మిత్‌కి 41 గజాల టచ్‌డౌన్. ప్లే అయిపోయాక తెర ఆపి, "సేఫ్టీ ఏం చేశాడు?" అన్నాడు. సేఫ్టీ అంటే డిఫెన్స్‌లో అందరికన్నా వెనక కాపలా కాసేవాడు. నేను స్మిత్ పరుగు గురించి మొదలుపెట్టాను. ఆపేశాడు. "సేఫ్టీ." మళ్ళీ ప్లే వేశాడు. "సేఫ్టీ." గదిలో మిగతా స్టూడెంట్లు ఏడెనిమిదిమంది ఉన్నారు. "నువ్వు ఎప్పుడైనా ఈ బంతి చేత్తో పట్టుకున్నావా? మీ క్రికెట్‌కి వెళ్ళరాదూ" అన్నాడు. వాళ్ళంతా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. చెప్పడం చేతకాక వెక్కిరించడం ఏ ఊళ్ళోనైనా ఒకటే. అడిగేవాడికి సమాధానం తెలిసినప్పుడు ఎక్కడ చూడాలో ఒక్క మాట చెబితే పోయేదేముంది? గురువు స్థానంలో కూర్చున్నవాడు నలుగురిలో ఒకణ్ణి తక్కువ చేస్తే తగ్గేది వాడి స్థాయే.

మళ్ళీ రమ్మన్నారు కాబట్టి వదల్లేదు. ఆ విభాగంలోనే ఒక పెద్దాయన, తల నెరిసిన మనిషి, కారిడార్‌లో నన్ను ఆపి, "బంతిని చూడకు. బంతి నీకు జరిగిపోయినదే చెప్తుంది" అని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట పట్టుకున్నాను. ఇంటికెళ్ళి లాప్‌టాప్ తెర మీద క్వార్టర్‌బ్యాక్ ఉండే చోట పసుపు చీటీ అంటించాను. ఇక సేఫ్టీలు తప్ప ఇంకేమీ చూడకూడదు.

అప్పుడు కనిపించింది. జార్జియా సేఫ్టీలిద్దరూ లోతుగా నిలబడి, వెనక మైదానాన్ని చెరి సగం పంచుకున్నారు. అలబామావాళ్ళు నలుగురు నిట్టనిలువునా పరిగెత్తారు. ఎడమ సగం కాపాడాల్సిన సేఫ్టీ స్మిత్ వైపు జరగకుండా మధ్యలోనే ఆగిపోయాడు. ముందున్న కార్నర్ (మైదానం అంచున కాపలా కాసేవాడు) ఏమో వెనక మనిషి ఉన్నాడన్న ధైర్యంతో స్మిత్‌ని వదిలేశాడు. ఇంతకీ సేఫ్టీ ఎందుకు ఆగాడు? చీటీ పీకేశాను. టువా తల కుడివైపు తిరిగి ఉంది. ఆ కాస్త సేపూ కుడివైపే చూసి, ఆఖరున ఎడమకి తిరిగి విసిరాడు. మా ఊళ్ళో కబడ్డీ ఆడినవాడికి ఇది కొత్త కాదు. కూతకెళ్ళినవాడు కళ్ళు ఒక పక్క పెట్టి, కాలు ఇంకో పక్క విసురుతాడు. 41 గజాల పాస్‌కి దారి ఇచ్చింది ఆ చూపు.

అక్కణ్ణుంచి రెండో సగం మొత్తం మళ్ళీ చూశాను, ఈసారి బంతి లేనివాళ్ళని. మొదటి సగంలో జార్జియా డిఫెండర్లు ప్లే మొదలయ్యే గీతకు దగ్గరగా గుమిగూడి పరుగును ఆపేస్తున్నారు. టువా వచ్చి పాసులు లోతుగా వేయడం మొదలుపెట్టాక వాళ్ళు వెనక్కి జరగక తప్పలేదు. ముందు ఖాళీ ఏర్పడింది. సరిగ్గా అప్పుడే నాజీ హారిస్‌కి బంతి ఇచ్చారు, 6 పరుగుల్లో 64 గజాలు. ముందు వరసలో ఎడమ పక్క కాపలా కాసే లెఫ్ట్ టాకిల్ జోనా విలియమ్స్ దెబ్బ తగిలి బయటికెళితే అలెక్స్ లెదర్‌వుడ్ వచ్చాడు. అతనూ ఫ్రెష్‌మనే. స్కోరు 7-20 ఉన్నప్పుడు టువా ఇంటర్‌సెప్షన్ ఇచ్చాడు. వేరే కోచ్ అయితే పాతవాణ్ణి పిలిచేవాడు. సేబన్ కదల్లేదు. జార్జియా ఆడిన తర్వాతి ప్లేలోనే అలబామా ఆటగాడు రేక్వాన్ డేవిస్ బంతి లాక్కున్నాడు, దాంతో ఒక ఫీల్డ్ గోల్ వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఫీల్డ్ గోల్, ఆపైన నాలుగో డౌన్, 4 గజాలు ఉంటే కాల్విన్ రిడ్లీకి 7 గజాల టచ్‌డౌన్, 20-20. చివర్లో అలబామా 36 గజాల ఫీల్డ్ గోల్ తప్పకపోయుంటే ఓవర్‌టైమ్ అవసరమే వచ్చేది కాదు.

హాఫ్‌టైమ్‌లో కోచ్ గట్టిగా అరిచాడు, కుర్రాళ్ళలో కసి పుట్టింది అని టీవీవాళ్ళు చెప్పేది నేను నమ్మను. కాలేజీలో హాఫ్‌టైమ్ 20 నిమిషాలు. నడిచి వెళ్ళి, నీళ్ళు తాగి, తిరిగి రావడం తీసేస్తే మిగిలేది ఎంత? అప్పట్లో కాలేజీ జట్లకు బెంచి దగ్గర వీడియో చూసుకునే వీలు లేదు, హెల్మెట్‌లో రేడియో లేదు. ఆ రెండూ 2024 సీజన్ నుంచే వచ్చాయి. పైన గదిలో కూర్చున్నవాడు డిఫెన్స్ ఎక్కడ నిలబడుతోందో రాసి కిందికి చెప్పాలి, దాన్నిబట్టి కోచ్ నిర్ణయం తీసుకోవాలి. సేబన్ చేసింది ఎదుటివాడు పట్టించుకోని చోటు చూసుకుని, దాన్ని వాడుకోగలవాణ్ణి దింపడం. నేను చేయబోయే పనికి అంత విలువ ఉందని ఆ రాత్రే అర్థమైంది.

రెండోసారి వెళ్ళినప్పుడు అదే మనిషి, అదే ప్లే. నేనే రిమోట్ అడిగి తీసుకున్నాను. టువా తల తిరిగిన చోట ఆపి, సేఫ్టీ పాదాలు చూపించి, కార్నర్ ఎందుకు వదిలాడో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన వెనక నిలబడి తలూపాడు. అసిస్టెంట్ మాత్రం "సరే, తర్వాతది" అన్నాడు. మెచ్చుకోవడానికి నోరు రాదు కొందరికి.

కాగితాల పని గురించి కూడా చెప్పాలి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చేయాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే, పని ఇచ్చే విభాగం నుంచి ఒక లెటరూ, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు నుంచి ఒక లెటరూ కావాలి. ఈ రెండో ఆఫీసుతో జాగ్రత్త. కౌంటర్ దగ్గర అడిగితే ఆన్‌లైన్ అంటారు, ఆన్‌లైన్‌లో పెడితే పలకరు. ఆఫర్ రాగానే అదే రోజు అడగండి, మెయిల్లో అడగండి, ప్రతి జవాబూ దాచుకోండి. ఇంకొకటి, కాలేజీ ఫుట్‌బాల్ మీద పందేలు కాయనని సంతకం పెట్టించుకుంటారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, టీమ్‌లో పనిచేసే స్టూడెంట్లకీ అది వర్తిస్తుంది.

పరీక్షకి వెళ్ళేవాళ్ళు ముందు సేఫ్టీలని చూడండి. ఆ తర్వాత కార్నర్లు, ఆ తర్వాత లైన్ (ముందు వరస). బంతిని ఆఖర్న చూసినా ఫర్వాలేదు. నాకు సోమవారం పొద్దున ప్రాక్టీస్ ఫిల్మ్‌తో పని మొదలు.