వెనక బెంచీ దాకా సమాధానం

చిత్తూరు, మదనపల్లె వైపు పాత సంఘాలు చాలావరకు ఆర్కాట్ మిషన్ నాటినవే. అమెరికా రిఫార్మ్‌డ్ చర్చివాళ్ళు నడిపిన ఆ మిషన్‌లో బిషప్పులు లేరు, పెద్దల సభే అన్నీ చూసుకునేది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు వీళ్ళు బిషప్పును ఒప్పుకున్నారు. అటు ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయంవాళ్ళు, బిషప్పు తలమీద చేయి ఉంచి నియమించని గురువులను కూడా మళ్ళీ ఆర్డినేషన్ (గురువుగా నియామకం) అడక్కుండానే ఒప్పుకున్నారు. ఒకరినొకరు చేర్చుకుని పుట్టిన సంఘం మనది. కొత్త మనిషి వచ్చి, ఎవరూ పలకరించక వెళ్ళిపోతే దాన్ని చిన్న మర్యాద లోపమని సరిపెట్టుకోలేం.

తిరుపతిలో కొత్తవాళ్ళు రాని ఆదివారం ఉండదు. యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో రోగులకు తోడుగా వచ్చినవాళ్ళు, రేణిగుంటకు బదిలీ అయిన రైల్వేవాళ్ళు. వీళ్ళలో ఎక్కువమంది చివరి వరసలోనే కూర్చుంటారు.

ప్రభు భోజనపు ఆరాధనలో సమాధానం, అంటే క్రీస్తు శాంతిని, ఒకరికొకరు ఇచ్చుకునే ఘట్టం చూడండి. సి.ఎస్.ఐ. 1950లో తెచ్చిన ఆరాధన క్రమంలోనే ఇది ఉంది. కుడి అరచేయి ఎదుటివారి కుడి అరచేతికి ఆనించాలి, ఇద్దరూ ఎడమ చేతిని అవతలివారి కుడిచేతి మీద మూయాలి. నాలుగు చేతులు ఒక ముడిలా కలుస్తాయి. గురువు దగ్గర మొదలై వరస వరసకీ వెనక్కి పాకాలి. మధ్యలో రెండు బెంచీలు ఖాళీగా ఉంటే అక్కడే తెగిపోతుంది. మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు విడిగా కూర్చుంటాం గనక పక్కనుంచి అందే దారీ లేదు. కొత్తవాళ్ళకు అందనిది సరిగ్గా అదే. చెరోవైపు ఒక పెద్దనో, స్త్రీల మైత్రి (సంఘంలోని ఆడవాళ్ళ బృందం)లో ఒక అక్కనో చివరి వరసలోనే కూర్చోబెట్టండి. వాళ్ళు వెనకనుంచి మొదలుపెడితే తెగిన చోటు కలుస్తుంది. దూరం నుంచి నమస్కారం పెట్టేసి ఊరుకోవడం నాకు చాలదనిపిస్తుంది, జబ్బు మనిషైతే తప్ప.

ఆరాధన అయ్యాక అడిగే మాటల్లోనూ జాగ్రత్త కావాలి. ‘మీ ఇంటిపేరేంటి, మీరెవరి తాలూకు’ అని మొదలుపెడితే అది కులం అడగడమేనని మన ప్రాంతంలో అందరికీ తెలుసు. ‘ఎక్కడ దిగారు, ఎన్నాళ్ళుంటారు, తినడానికి ఎలా’ అని అడగండి. కుప్పం వైపునుంచి వచ్చినవాళ్ళకు తమిళమే చదవడం వస్తే, ఒక వాక్యభాగం తమిళంలో వాళ్ళచేతే చదివించండి.

త్రిత్వ నామంలో, అంటే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో, వేరే శాఖలో బాప్తిస్మం పొందివచ్చినవారికి మళ్ళీ ఇవ్వాల్సిన పని లేదు. ఈ సంగతి ముందే చెబితే సగం బెరుకు పోతుంది. పాత సంఘం నుంచి సభ్యత్వం మార్చే ఉత్తరం రావడమే ఆలస్యమవుతుంది, ఒక్కోసారి చందా బకాయి ఉందని అక్కడ ఆపేస్తారు. ఉత్తరం వచ్చేదాకా ఇంటి కూటానికి మాత్రం పిలవడం మానకండి.

అసలు మనిషి విశ్వాసంలో ఎదిగేది ఆ ఇంటి కూటాల్లోనే. ఎనిమిది నుంచి పన్నెండు మంది, ఒక గంట. రెండు కీర్తనలకు పది నిమిషాలు, వాక్యానికి ఐదు, మాట్లాడుకోవడానికి ఇరవై ఐదు, ప్రార్థనకు పదిహేను, మిగిలింది టీకి. రాబోయే ఆదివారపు పాఠమే తీసుకుంటే ప్రసంగం వినే చెవి ముందే తయారవుతుంది. చదువురానివాళ్ళుంటే రెండు గొంతులతో రెండుసార్లు చదివించాలి. ఒక పెద్దాయన నలభై నిమిషాలు ప్రసంగం చేస్తే మిగతావాళ్ళు వినేవాళ్ళుగానే మిగిలిపోతారు. అందుకే మూడే ప్రశ్నలు పెట్టుకోండి: ఇక్కడ ఏం జరిగింది, నాకు అర్థంకానిదేది, ఈ వారం నేను చేయాల్సిందేది. యాకోబు పత్రిక 2వ అధ్యాయం మొదటి పదమూడు వచనాలతో మొదలుపెట్టి చూడండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచిచోట కూర్చోబెట్టి, పేదవాణ్ణి నిలబెట్టిన సంగతి అది. చర్చ దానంతటదే నడుస్తుంది.

టీ, బిస్కెట్లు, అంతే. ఒకరింట్లో ఇడ్లీ వడ పెడితే వచ్చేవారం ఇంకొకరు పొంగల్ చేస్తారు, మూడో ఇంటివాళ్ళు ‘మా ఇల్లు చిన్నది అయ్యగారూ’ అని వంతు వదులుకుంటారు. కూటం ఆగేది చాలాసార్లు ఇక్కడే. ప్రార్థన మనవులు ఒక నోటుబుక్కులో రాసి, మరుసటి వారం ‘అమ్మ ఆపరేషన్ ఏమైంది?’ అని దానితోనే మొదలుపెట్టండి. ఆ మనవులు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. ఒక్కసారి బయటికి పొక్కితే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ నోరు విప్పరు.

కోత పండుగనాడు సంఘస్థులు తెచ్చిన కానుకలను పాట పాడే వేలంలోనూ ఇదే చూపు ఉండాలి. తోతాపురి బుట్టలు, బెల్లం దిమ్మెలు, కోడిపుంజులు ముందు పాడితే, ఒక విధవరాలు తెచ్చిన కిలో శనక్కాయలు చివరికి వస్తాయి. అప్పటికి జేబులు ఖాళీ, సగంమంది భోజనాల దగ్గర ఉంటారు. అందరూ కూర్చుని ఉన్నప్పుడే, తెచ్చినవారి పేరు చెప్పకుండా, చిన్న కానుకలు ముందు పాడించండి. కోడిపుంజు ఎంత ఆలస్యమైనా పాట పలుకుతుంది.