పారో లోయలో తెల్ల మిర్చి

మిర్చి పండించే ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి, కల్లంలో తెల్లబారిన కాయ కంటపడితే ఏరి పక్కకు వేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. గుంటూరు యార్డులో దాన్ని తాలు అంటారు; మంచి ఎర్రకాయ ముందు దానికి ధర పలకదు. అందుకే భూటాన్‌లోని పారో లోయలో ఒక రైతు ఇంట పది రోజులు ఉండి, పచ్చిమిరపకాయలను కావాలని తెల్లగా ఎండబెట్టే పని నేర్చుకోవడం నాకు అంత తేలికగా సాగలేదు.

అక్కడ మిరపకాయ కారం కోసం వేసే దినుసు కాదు, అదే కూరగాయ. మిరపకాయలను నిలువునా చీల్చి, వెన్నతో ఉడికించి, చివర జున్నుముద్ద కలిపి చేసే ఎమా దత్షి లేకుండా వాళ్లకు ఎర్రబియ్యపు అన్నం దిగదు. ఆ జున్ను కూడా వెన్న తీసిన మజ్జిగను కాచి, విరిగిన దాన్ని పిండి ముద్ద కట్టినదే. చలికాలంలో ఆ ఎత్తున పచ్చికాయ పండదు కాబట్టి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇళ్ల కప్పుల మీద ఎర్రకాయలు పరిచి ఆరబెట్టుకుంటారు. షుకం అనే తెల్ల మిర్చి కూడా ఆ నిల్వలో భాగమే.

ఇంటి పెద్దావిడను నేనూ అందరిలాగే అమా అని పిలిచేవాణ్ని. జొంగ్‌ఖా భాషలో తల్లిని అలాగే పిలుస్తారు. ఆమెకు వచ్చిన కొద్దిపాటి హిందీతోనే మా మాటలు సాగేవి. మరిగే నీళ్లలో కాయలను వేసి, పచ్చదనం కాస్త మందగించగానే తీసేయమని ఆమె చెబితే, నేను బాగా ఉడకాలనుకుని ఆలస్యం చేశాను. పైగా తడికె మీద దళసరిగా పోసి రాత్రి బయటే వదిలేశాను. మంచుకు నెమ్మెక్కి, తెల్లవారేసరికి అవి గోధుమరంగుకు తిరిగి జిగురు పట్టాయి. మా ఊళ్లో సాయంత్రం కాగానే కల్లం మీద పట్టాలు కప్పే నేను ఆ జాగ్రత్త మరిచిపోయినందుకు నిజంగా బాధపడ్డాను.

రెండో విడత కాయలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, పొద్దు వాలకముందే లోపలికి చేర్చాను. మూడో రోజుకు పసుపు తిరిగి, వారానికి దంతపు రంగుకు వచ్చాయి. ఒక కాయను ఎండకు ఎత్తి చూస్తే, పలచని తోలు లోపల గింజలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించాయి.

పని మధ్యలో ఒకనాడు ఆమె 2016 సంగతి ఎత్తింది. మన దేశం నుంచి వెళ్లిన మిరపకాయల్లో పురుగుమందుల అవశేషాలు బయటపడటంతో భూటాన్ ప్రభుత్వం ఆ ఏడాది వాటి దిగుమతిని నిషేధించింది. పైరుకు మందు కొట్టడం తెలిసిన నాకు ఆ మాట సూటిగానే తగిలింది. రోజూ ఇంటిల్లిపాదీ పళ్లెం నిండా తినే కూర విషయంలో వాళ్లు అంత పట్టుదలగా ఉండటం న్యాయమే అనిపించింది.

చివరి రోజున అమా నా కాయలను చేటలో పోసుకుని ఏరింది. ఎరుపు, గోధుమరంగు మచ్చలున్న వాటిని పక్కకు తీసి ఆ పూట కూరలో వేసింది. తెల్లనివి శీతాకాలానికని సంచిలోకి ఎత్తింది.